సైకిలుకి ర్యాంకు ఉందా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. బీపీ గురించి, షుగరు గురించి చెప్పడానికి ఈ హాల్లో నాకంటే అర్హులైన డాక్టర్లున్నారు. నేను రిటైరయ్యాక పట్టుకున్నది సైకిలు. కాబట్టి సైకిలు గురించే మాట్లాడతాను. ఇంకా సూటిగా చెప్పాలంటే, సైకిలు తొక్కేవాళ్లు ఒకరి సైకిలును మరొకరు చూసే చూపు గురించి మాట్లాడతాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ చూపు వల్ల మనలో కొందరు తొక్కడమే మానేస్తున్నారు. అందుకే ఇంతమంది ముందు ఈ విషయం ఎత్తుకున్నాను.

ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఎక్కడ చూసినా తెల్లవారుజామున సైకిలు గుంపులు కనిపిస్తున్నాయి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023లో తెరిచారు. విశాఖ బీచ్ రోడ్డు ఉంది. పుణె, బెంగుళూరు, సికింద్రాబాదు కంటోన్మెంట్లలో చెట్ల నీడ రోడ్లు సరేసరి. ఈ గుంపుల్లో ఎక్కువమంది తొక్కేది రోడ్ బైకు. సన్నని టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, ముందుకు వంగి తొక్కే పద్ధతి. క్రమశిక్షణ గలవాళ్లు. అయిదింటికి అంటే అయిదింటికే వస్తారు. చూస్తే మన పీటీ పరేడ్ గుర్తొస్తుంది.

ఈ గుంపులోకి అప్పుడప్పుడు ఇద్దరు కొత్తవాళ్లు వస్తారు. ఒకాయన ఇంటర్నెట్‌లో భారీ డిస్కౌంటు చూసి, ఎవరూ పేరు వినని సైకిలును అట్టపెట్టెలో తెప్పించుకున్నవాడు. రెండో ఆయన అందరిలా లేని సైకిలు మీద వచ్చినవాడు. అది చిన్న చక్రాల మడత సైకిలు కావచ్చు, ఇద్దరు తొక్కే జోడు సైకిలు కావచ్చు, మూడు చక్రాలది కావచ్చు, పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి ఒరిగి కాళ్లు ముందుకు చాచి తొక్కే రికంబెంట్ కావచ్చు. ఇద్దరికీ దొరికే స్వాగతం ఒకటే. ముందు సైకిలు వైపు ఒక చూపు. తర్వాత మనిషి వైపు ఒక చూపు. ఆ పైన ఒక చిన్న నవ్వు. ఆ నవ్వుకి అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ర్యాంకు భుజం మీదో చేతి మీదో ఉంటుంది. సెల్యూట్ కొట్టాలా, కొట్టించుకోవాలా అన్నది చూడగానే తెలిసిపోతుంది. సైకిలుకి ర్యాంకు ఫ్రేము మీద రాసిన పేరులో ఉంటుందని కొందరి నమ్మకం. ఇది కొత్త జబ్బేమీ కాదు. మన తాతల కాలంలో అల్లుడికి పెట్టే లాంఛనాల్లో వాచీ, రేడియోతో పాటు సైకిలు ఉండేది. అది ర్యాలీ సైకిలైతే ఒక గౌరవం, మరొకటైతే ఒక గొణుగుడు. పొలానికి పోవడానికి, పాలక్యాను కట్టుకోవడానికి రెండూ ఒక్కలాగే పనికొచ్చేవి. అయినా అరుగు మీద కూర్చున్న పెద్దలు పేరు చూసే మాట్లాడేవారు.

ఇక సైకిలు చరిత్ర చూద్దాం. ఇవాళ రోడ్ బైకు అంటే ఏవి తప్పనిసరి అనుకుంటున్నామో, వాటిలో చాలా వాటిని ఒకప్పుడు ఇదే నవ్వుతో ఆహ్వానించారు. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరు తెచ్చాడు. అప్పటి పోటీ సైకిళ్లకు ఉన్నవి గట్టి రబ్బరు టైర్లు. మరుసటి ఏడు, 1889లో, విల్లీ హ్యూమ్ అనే ఆయన బెల్‌ఫాస్ట్‌లో గాలి టైర్లతో పోటీకి దిగితే, ఆ లావుపాటి టైర్లను చూసి జనం నవ్వారని చెబుతారు. పోటీలు ముగిశాక నవ్వులు ఆగిపోయాయి. గెలిచింది ఆయనే.

గేర్ల సంగతీ అంతే. చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకో పళ్లచక్రానికి జరిపే డెరైలర్ లేకుండా ఇవాళ రోడ్ బైకును ఊహించలేం. ఫ్రాన్సులో సామాన్య యాత్రికులు దాన్ని వాడుతున్న రోజుల్లో కూడా, 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆంరి దెగ్రాంజ్ దాన్ని తన పోటీలోకి రానివ్వలేదు. గేర్లు ముసలివాళ్లకు, మగాడన్నవాడు కండబలంతో ఎక్కాలి అన్నది ఆయన ధోరణి. ఆ పోటీలో డెరైలర్‌కు అనుమతి దొరికింది 1937లో. అంతవరకు అంతంత పెద్ద కొండల కింద మహావీరులు కూడా దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని మళ్లీ ఎక్కేవారు.

ఇక రికంబెంట్ కథ వినండి. షార్ల్ మోషే అనే ఫ్రెంచాయన వెనక్కి వాలి తొక్కే సైకిలు చేశాడు. 1933 జులైలో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసర్ దాని మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అప్పటిదాకా ఉన్న రికార్డు 44.247. అది 1914 నుంచి ఎవరూ కదిలించలేనిది. ఫోర్ అగ్రశ్రేణి రేసరేమీ కాదు, రెండో తరగతి ఆటగాడు. మరి గెలిపించింది మనిషా, యంత్రమా? అక్కడే పెద్ద తగవు వచ్చింది. 1934లో యు.సి.ఐ. అనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిలు ఎలా ఉండాలో నిర్వచించి, రికంబెంట్‌ను పోటీల నుంచి బయట పెట్టింది.

మరో ఆరు దశాబ్దాల తర్వాత స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ తన సైకిలును తనే తయారుచేసుకున్నాడు. అందులో బట్టలుతికే మెషిన్ నుంచి తీసిన బేరింగులు కూడా ఉన్నాయి. చేతులు ఛాతీ కింద ముడుచుకుని తొక్కే విచిత్రమైన భంగిమ. 1993 జులైలో నార్వేలో గంటకు 51.596 కిలోమీటర్లు తొక్కి, 1984 నుంచి ఇటలీ వీరుడు మోజర్ పేరు మీదున్న 51.151 రికార్డును దాటేశాడు. 1994లో సమాఖ్య నియమాలు మార్చి ఆ భంగిమనూ నిషేధించింది.

సమాఖ్య చేసింది తప్పు అని నేను అనడం లేదు. పోటీ అంటే మనిషికి మనిషికి మధ్య. అందరి చేతికీ ఒకే రకం రైఫిల్ ఇస్తేనే ఎవరి గురి మంచిదో తెలుస్తుంది. ఒక లెక్క చెబుతాను. నియమాల ప్రకారం ఉన్న సైకిలు మీద 2022లో ఫిలిప్పో గాన్నా గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. నియమాలతో సంబంధం లేకుండా, పైన చేప ఆకారపు తొడుగు వేసిన రికంబెంట్ మీద గంటలో 90 కిలోమీటర్లు ఎప్పుడో దాటేశారు. సమతల రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి మన బలంలో అధిక భాగం గాలిని తోసుకోవడానికే పోతుంది. గాలికి తక్కువ అడ్డం వచ్చేవాడు గెలుస్తాడు. ఆ రెండింటినీ ఒకే పోటీలో పెడితే అది ఆట కాదు. ఇక్కడిదాకా సమాఖ్య మాట న్యాయమే.

కానీ మిత్రులారా, ఆట కోసం రాసిన నియమం మెల్లగా మనిషి విలువ కట్టే తక్కెడ అయిపోయింది. చిక్కల్లా అక్కడుంది. 'పోటీకి అనుమతి లేదు' అన్న మాట వాడుకలో 'ఇది అసలు సైకిలే కాదు' అన్న మాటగా మారింది. ఆదివారం పొద్దున్న మనం తొక్కేది ఏ పోటీ? మనకు పతకం ఎవరిస్తారు? యు.సి.ఐ. నియమం ప్రకారం పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు. సైకిలులో అరకిలో తగ్గించడానికి లక్ష రూపాయలు పోసేవాళ్లను చూశాను. అదే అరకిలో పొట్టలో తగ్గిస్తే పైసా ఖర్చు లేదు.

ఇదే సైకిలు ప్రపంచంలో ఇంకో సంప్రదాయం కూడా ఉంది. దాన్ని రాండనరింగ్ అంటారు. అంటే నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయంలో, ఎవరి సాయం వాళ్లే చేసుకుంటూ పూర్తిచేయడం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకటే గుర్తింపు. మన దేశంలో వందల ఊళ్ల వాళ్లు దీన్ని చేస్తున్నారు. దీనికి తలమానికం పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి పారిస్ రావడం. సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 1891లో మొదలై ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. 2019లో అప్పటికి సర్వీసులో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురీ దీన్ని పూర్తిచేశారు. అది మనందరికీ గర్వకారణం.

అక్కడ సైకిలుకి పెట్టే షరతు ఏమిటి? మనిషి బలంతో నడవాలి. రాత్రికి లైట్లు ఉండాలి. మెరిసే జాకెట్ ఉండాలి. అంతే. జోడు సైకిళ్లు, రికంబెంట్లు, మూడు చక్రాలవి, పడవలా మూసిన వెలోమొబైల్ - వీటన్నిటికీ ప్రత్యేకంగా ఒక గుంపు కట్టి బయల్దేరదీస్తారు. బయటికి నెట్టరు, వరస మారుస్తారు. తేడా చూడండి. కొలిచేది వేగమైతే యంత్రాన్ని కట్టడి చేయాలి. కొలిచేది ఓర్పైతే యంత్రం ఏదైనా ఫర్వాలేదు. మన ఆదివారం గుంపు ఈ రెండో రకానిది అని నా అభిప్రాయం.

సైనికులుగా మనకు ఇంకో పాఠం కూడా తెలియాలి. ఎదుటివాడి చవక సామాను చూసి నవ్వడం ఎంత ప్రమాదమో మన వృత్తి చరిత్రలోనే ఉంది. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలో దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. డెబ్బై రోజుల్లో అంత దూరం ఎలా వచ్చారు? వాళ్ల పదాతి దళంలో చాలా భాగం సైకిళ్ల మీద వచ్చింది. ఆ పథకం రచించిన వాళ్లలో ఒకడైన కర్నల్ సుజీ ఒక్కో డివిజన్‌కు దాదాపు 6,000 సైకిళ్లు ఉన్నాయని తర్వాత రాశాడు. యుద్ధానికి ముందు జపాన్ చవక సైకిళ్లు మలయా ఊరూరా అమ్ముడుపోయాయి. కాబట్టి విరిగిన భాగాలకు ఎక్కడైనా బదులు దొరికింది. వంతెన కూలిస్తే సైకిలు భుజాన వేసుకుని వాగు దాటారు. టైరు పేలితే ఉత్త రిమ్ము మీదే తొక్కారు. రాత్రి పూట ఆ ఇనుప చప్పుడు విని ట్యాంకులు వస్తున్నాయనుకున్నారట ఎదుటివాళ్లు. ఆ ఎదుటివాళ్లలో మన భారతీయ పటాలాలు ఉన్నాయి. వేలాదిమంది మనవాళ్లు బందీలయ్యారు.

1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఇంకో లెక్క తప్పింది. ఆ కొండల్లోకి శత్రువు అంత సామగ్రి తేలేడు అనుకుంది. వియత్నాం వాళ్లు వేలాది మామూలు సైకిళ్లకు వెదురుబద్దలు కట్టారు. హ్యాండిలుకి ఒకటి, సీటు దగ్గర ఒకటి. ఎక్కి తొక్కలేదు, పక్కన నడుస్తూ తోశారు. ఒక్కో సైకిలు మీద రెండు వందల కిలోలు, ఇంకా పైన కూడా వెళ్లాయి. చిత్రం ఏమిటంటే, ఆ సైకిళ్లలో ఫ్రాన్సులో తయారైన పెజో సైకిళ్లు కూడా ఉన్నాయి. తమ దేశపు సైకిలే తమ ఓటమికి బియ్యం మోసింది.

స్విట్జర్లాండ్ సైన్యంలో సైకిలు దళం 1891 నుంచి 2003 దాకా నడిచింది. వాళ్ల 1905 నాటి నమూనా సైకిలు బరువు 20 కిలోలకు పైమాటే. దశాబ్దాల తరబడి దాన్నే కొండల్లో తొక్కారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సామాను మంచిదా చెడ్డదా అన్నది అప్పజెప్పిన పనిని బట్టి తేల్చడం మనకు తెలిసిన విద్య. ఆ విద్యను సివిల్ రోడ్డు మీదకి వచ్చాక మరిచిపోవద్దు.

ఇప్పుడు డిస్కౌంటు సైకిళ్ల దగ్గరకు వద్దాం. ఆన్‌లైన్ సైకిలు చవగ్గా ఎందుకొస్తుంది? మొదటి కారణం, మధ్యలో డీలరు, దుకాణం అద్దె, పోటీ జట్లకు ఇచ్చే డబ్బు ఉండవు. రెండో కారణం, పేరుకి పెట్టే ఖర్చు తక్కువ. ఫ్రాన్సులో మోటోబెకాన్ అనే గొప్ప కంపెనీ ఉండేది. 1980లలో దివాలా తీసి యమహా చేతికి పోయింది, అక్కడ పేరే మారిపోయింది. అమెరికాలో మాత్రం ఆ పాత పేరును వేరేవాళ్లు తీసుకుని, తైవాన్‌లో చేయించిన ఫ్రేముల మీద వేసి, ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు అమ్ముతున్నారు. అక్కడి రోడ్ సైక్లిస్టుల్లో దీని మీద ఏళ్ల తరబడి వాదన. 'పేరు అరువుది' అని ఒకరు, 'ఫ్రేము, గేర్లు మీ దానికంటే తక్కువా?' అని ఇంకొకరు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తైవాన్‌లో 1972లో పుట్టిన జెయింట్ కంపెనీ మొదట్లో అమెరికా కంపెనీలకు సైకిళ్లు చేసి ఇచ్చేది. పేరు ష్విన్‌ది, పని జెయింట్‌ది. తర్వాత సొంత పేరుతో వచ్చి ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటైంది. అంటే ఫ్రేము మీది పేరు ఒకరిది, దాన్ని అతికించిన చేయి ఇంకొకరిది కావడం చవక సైకిళ్లకే పరిమితం కాదు.

నేరుగా అమ్మినంత మాత్రాన సరుకు నాసిరకం కానక్కర్లేదు అనడానికి జర్మనీ కంపెనీ కాన్యన్ ఒక ఉదాహరణ. దుకాణాలు లేకుండా ఇంటికే పెట్టె పంపే పద్ధతి వాళ్లది. 2009లో కాడెల్ ఎవాన్స్ ప్రపంచ రోడ్ ఛాంపియన్ అయింది కాన్యన్ మీదే. మన ఊళ్లలో 'డెకాథ్లాన్ సైకిలా?' అని పెదవి విరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే డెకాథ్లాన్ వాళ్ల వాన్ రైసెల్ సైకిళ్ల మీద 2024లో ఒక పెద్ద జట్టు టూర్ డి ఫ్రాన్స్ తొక్కింది. పెదవి విరిచిన ఎంతమంది ఆ పోటీలో ఒక్క కొండైనా ఎక్కగలరో వాళ్లే చెప్పాలి.

అయితే, రోడ్ సైక్లిస్టుల అనుమానంలో ఉన్న నిజాన్ని దాచకూడదు. చవక సైకిళ్లలో పైన పటారం, లోన లొటారం బాపతు చాలా ఉన్నాయి. మా గుంపులో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక రిటైర్డ్ సుబేదారుగారు చేరారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. మోకాళ్లు అరిగి, పరుగు మానేయమన్నారు డాక్టర్లు. కొడుకు ముచ్చటపడి ఆన్‌లైన్‌లో సైకిలు కొని పంపించాడు. ఇంట్లోనే బిగించుకుని తెచ్చారు. గుంపులో ఒక కుర్రాడు, "అంకుల్, ఇది సైకిల్ కాదు, సైకిల్ షేపులో ఉన్న ఇనుము" అన్నాడు. నలుగురు నవ్వారు. "సరే బాబూ, మీరు ముందు పొండి, నేను వెనకాల వస్తాను" అన్నారాయన. మూడు ఆదివారాలు అలా వెనకాలే వచ్చారు. నాలుగో ఆదివారం రాలేదు.

ఆ నెలంతా నేను మా ఊళ్లో ఉన్నాను. తిరిగొచ్చాక విషయం తెలిసి, కంటోన్మెంటు బజారులో పాత మెకానిక్ ఒకాయన్ని వెంటబెట్టుకుని సుబేదారుగారి ఇంటికి వెళ్లాను. మెకానిక్ సైకిలు తలకిందులుగా పెట్టి చూశాడు. ముందు బ్రేకు కేబుల్ పట్టుకునే బోల్టు వదులుగా ఉంది. గట్టిగా నొక్కితే జారిపోయేది. సీటు రెండంగుళాలు కిందికి ఉంది. మోకాళ్ల నొప్పికి అదే కారణం. అరగంటలో రెండూ సరిచేశాడు. ఫ్రేముకేమీ లోపం లేదు. ఇప్పుడు ఆయన వారానికి మూడు రోజులు తొక్కుతున్నారు.

నవ్విన నలుగురిలో ఒక్కరైనా వంగి ఆ బ్రేకు చూడలేదు. ఇదీ నా బాధ. పేరు చూసి నవ్వేవాడికి సైకిలు గురించి బాగా తెలుసని మనం అనుకుంటాం. బాగా తెలిసినవాడు ముందు బ్రేకు చూస్తాడు, తర్వాత పేరు చదువుతాడు. మన కోత్‌లో రైఫిల్ ఏ ఫ్యాక్టరీదని నవ్వుకుంటామా? తుప్పు ఉందా, చాంబరు ఖాళీగా ఉందా అని చూస్తాం. సైకిలుకీ అదే ఇన్‌స్పెక్షన్ కావాలి. దాన్ని అయిదు మాటల్లో చెబుతాను.

మొదటిది కొలత. గోడకి ఆనుకుని, బూట్లు లేకుండా నిలబడి, తొడల మధ్య నుంచి నేల దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే వచ్చేది క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు. 80 సెంటీమీటర్లు వస్తే సీటు ఎత్తు 70.6 సెంటీమీటర్లు. ఇది మొదలుపెట్టడానికే, తర్వాత ఒంటికి తగ్గట్టు సవరించుకోవచ్చు. ఫ్రేము సైజే తప్పితే మాత్రం ఎంత డిస్కౌంటైనా దండగ.

రెండోది ఫొటోలో కనిపించనిది. చవక సైకిళ్లు అమ్మేవాళ్లు వెనక డెరైలర్ ఒక్కటి మంచి తరగతిది పెట్టి దాని పేరు పెద్దక్షరాల్లో వేస్తారు. బ్రేకులు, క్రాంకు, హబ్బులు, చక్రాలు ఏ రకమో చెప్పరు. అడగాల్సింది ఆ చెప్పని వాటి గురించే.

మూడోది బిగింపు. పెట్టెలో వచ్చే సైకిలు పూర్తిగా తయారై రాదు. హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్లు మనం బిగించుకోవాలి. ఎడమ పెడల్‌కు మర ఎదురు దిక్కు, బలవంతంగా తిప్పితే క్రాంకు పాడవుతుంది. ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు కూడా రోడ్డు మీద కనిపిస్తాయి. హ్యాండిలు బోల్టు ఎంత బిగించాలో దాని మీదే అంకె రాసి ఉంటుంది. చేతిబలంతో కాదు, టార్క్ రెంచితో బిగించాలి. కొన్న ధరలో మిగిలిన దాంట్లోంచి కొంత మెకానిక్‌కి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో కొన్నామని అతని దగ్గర దాచక్కర్లేదు, బేరమాడి చిన్నబుచ్చక్కర్లేదు. రేపు సైకిలు ఆగిపోతే ఆదుకునేది వెబ్‌సైట్ కాదు, అతనే.

నాలుగోది కార్బన్. పేరూ ఊరూ లేని కార్బన్ ఫ్రేము, పెద్ద కంపెనీ పేరు దొంగిలించి వేసిన ఫ్రేము ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అల్యూమినియం, స్టీలు అయితే సాధారణంగా లోపం కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో పగులు లోపలే ఉండిపోయి, దిగుడులో ఒక్కసారిగా బయటపడవచ్చు. తక్కువ డబ్బుంటే మంచి అల్యూమినియం కొనడం మేలు.

అయిదోది విడిభాగాలు. డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ ఒక్కో సైకిలుకి ఒక్కో రకం ఉంటుంది. సైకిలు పడితే ముందు వంగేది అదే. కొన్నప్పుడే దానికి జత ఒకటి తీసి పెట్టుకోండి.

వింత సైకిళ్ల విషయంలోనూ గుంపు భయం పూర్తిగా అర్థంలేనిది కాదు. రికంబెంట్ ఎత్తు తక్కువ. దాని వెనక వచ్చేవాడికి గాలి నుంచి చాటు దొరకదు. లారీవాడికి అది కనిపించకపోవచ్చు. ఎక్కుడులో నిలబడి తొక్కడం కుదరదు కాబట్టి వెనకబడుతుంది, దిగుడులో బాణంలా పోతుంది. చక్రానికి చక్రం ఆనించి వెళ్లే వరసలో దాన్ని మధ్యలో పెడితే ప్రమాదమే. దానికి విరుగుడు నవ్వు కాదు, ఏర్పాటు. ఎత్తైన జెండా కట్టమనాలి, పగలు కూడా లైటు వేయమనాలి, ఎక్కుడులో వెనక ఉండమనాలి, దిగుడుకు ముందు వదిలేయాలి. ఒక కాన్వాయ్‌లో జీపుకీ ట్యాంకరుకీ వేర్వేరు స్థానాలు ఇవ్వడం మనకు కొత్తా?

ఈ ఏర్పాటు ఎవరి కోసం అన్నది ఆఖరుగా చెబుతాను. ఒక జవాను నలభై ఏళ్లకు అటూఇటూగా ఇంటికి వస్తాడు. నడుం అరిగి ఉంటుంది, మెడ పట్టేసి ఉంటుంది, కొందరికి కాలే ఉండదు. వంగి తొక్కే సైకిలు అందరి ఒంటికీ పడదు. నడుం నొప్పి ఉన్నవాడికి వాలి కూర్చునే సైకిలు, తూలేవాడికి మూడు చక్రాలు, చూపు లేనివాడికి జోడు సైకిలు, కాళ్లు లేనివాడికి చేతులతో తిప్పే హ్యాండ్‌సైకిల్ - ఇవి వింతలు కాదు, మళ్లీ రోడ్డెక్కే దారులు. హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కూడా 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో వెండి పతకాలు తెచ్చారు. ఆయన పేరు మీద నడుస్తున్న సంస్థ విధి నిర్వహణలో అవయవాలు కోల్పోయిన భద్రతా దళాల జవాన్లకు క్రీడల్లో శిక్షణ ఇస్తోంది.

1934లో రికంబెంట్‌ను గడప దాటించిన యు.సి.ఐ.యే, 2007 నుంచి పారా సైక్లింగ్‌ను కూడా నడుపుతోంది. అందులో హ్యాండ్‌సైకిల్ వాళ్లు చాలామంది వెనక్కి వాలి కూర్చునే పోటీ చేస్తారు. వాళ్లకు ప్రపంచ ఛాంపియన్ జెర్సీ ఇస్తున్నారు. అంటే ఆ సమాఖ్యే తలుపు కొంత తెరిచింది. మన ఆదివారం గుంపులు అంతకంటే బిగుసుకుని కూర్చోవడం బాగుండదు.

సంఘానికి ఒక చిన్న విన్నపం. నెలకో ఆదివారం పొద్దున్న మన ఆవరణలో ఒక మెకానిక్‌ను కూర్చోబెడదాం. పదివేల సైకిలైనా, పది లక్షల సైకిలైనా వరసలో నిలబడుతుంది. బ్రేకు, ఫోర్కు, చక్రం, సీటు ఎత్తు చూసి పంపుదాం. కొత్తగా వచ్చిన మనిషిని 'ఎంతకు కొన్నారు?' అని కాక, 'ఎక్కడ నొప్పిగా ఉంది?' అని అడుగుదాం. యూనిట్ వదిలాక చాలామందికి ఉదయాన్నే లేచి వెళ్లాల్సిన చోటు ఉండదు. ఆ చోటు ఈ గుంపు కాగలదు. ఒక నవ్వుతో దాన్ని పాడుచేయొద్దు.

 జై హింద్.